2020 అయోవా కాకస్: ‘విజేత’ గడిలో ఎవరి పేరు రాయాలి?

#1 · కృష్ణాతీరం

మన అమెరికా ప్రైమరీల పట్టికలో 2020 అయోవా వరుసలో ‘విజేత’ కింద బూటజెజ్ అని పెట్టాను. అది తప్పని తలలెక్క గారు, అదే ఒప్పని రూల్‌బుక్ గారు పట్టిక కింద వాదించుకుంటున్నారు. అక్కడ చోటు చాలదు, ఇక్కడ తేల్చుకుందాం.

అంకెలు ముందు పెడుతున్నా. వీటి మీద తగాదా లేదు.

కాకస్ అంటే పార్టీ మద్దతుదారులు సమావేశమై తమకు నచ్చిన అభ్యర్థి పక్షాన నిలబడే పద్ధతి. ఇది అయోవా రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు 2020 ఫిబ్రవరి 3 సాయంత్రం జరిగింది. ప్రధాన పోటీదారులు పీట్ బూటజెజ్, బెర్నీ శాండర్స్.
మొదటి విడతలో నిలబడ్డవాళ్లు: శాండర్స్ 43,581, బూటజెజ్ 37,572.
చివరి విడత: శాండర్స్ 45,652, బూటజెజ్ 43,209.
ఎస్‌డీఈలు (కాకస్ ఫలితాన్ని రాష్ట్ర మహాసభ ప్రతినిధుల సంఖ్యలోకి మార్చిన లెక్క), రీకౌంట్ అయ్యాక: బూటజెజ్ 562.954, శాండర్స్ 562.021.
జాతీయ మహాసభ (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునేది) ప్రతినిధులు: బూటజెజ్ 14, శాండర్స్ 12, వారెన్ 8, బైడెన్ 6, క్లోబచార్ 1. మొత్తం 41.

ఒక్క గడి ఉంది. ఒక్క పేరే పడుతుంది.

#2 · తలలెక్క

మీరే రాశారు కదా. మొదటి విడతలో శాండర్స్ 6,009 మంది ఎక్కువ. చివరి విడతలో 2,443 మంది ఎక్కువ. మనుషులు వచ్చి నిలబడ్డ రెండు సార్లూ ఆయనే ముందున్నారు. మూడో అంకె మనుషులది కాదు, భాగహారంలోంచి పుట్టింది. రెండు లెక్కల్లో ముందున్నవాడిని ఓడిపోయాడని రాయడం ఏ న్యాయం?

#3 · రూల్‌బుక్

2020 అయోవా కాకస్ అనేది ఓట్ల లెక్కింపు కాదండీ. కౌంటీ మహాసభకు ప్రతినిధులను ఎన్నుకునే సమావేశం. అక్కడి నుంచి కాంగ్రెస్ జిల్లా (నియోజకవర్గ) మహాసభ, తర్వాత రాష్ట్ర మహాసభ. జాతీయ ప్రతినిధులను పంచేది ఎస్‌డీఈలతోనే అని పోటీ మొదలవకముందే రాసిపెట్టారు. అభ్యర్థులందరూ ఆ నిబంధనకు ఒప్పుకునే ప్రచారానికి దిగారు. టెన్నిస్‌లో మొత్తం పాయింట్లు ఎక్కువ వచ్చినా సెట్లు పోతే ఓటమే. ఆట అయిపోయాక కొలబద్ద మార్చకూడదు.

#4 · సిరిసిల్ల శ్రీను

అన్నా, 562.954 అంటే పాయింట్ల మనిషి ఎట్లొస్తడు? ముందుగాల గది చెప్పుండ్రి. లేకుంటే మాసొంటోళ్లకు ఈ ముచ్చటంతా అర్థం కాదు.

#5 · రూల్‌బుక్

మంచి ప్రశ్న శ్రీనూ. 2020లో ఉన్న పద్ధతిని మెట్టు మెట్టుగా చెబుతాను.

ప్రతి ప్రెసింక్టుకు (ఒక పోలింగ్ ప్రాంతం) ఇన్ని కౌంటీ ప్రతినిధి స్థానాలని ముందే ఖాయం. గత ఎన్నికల్లో అక్కడ డెమోక్రాట్లకు పడ్డ ఓట్లను బట్టి ఆ సంఖ్య వస్తుంది. ఆ రాత్రి ఎంతమంది వచ్చారన్నదానితో సంబంధం లేదు. 30 మంది వచ్చినా 600 మంది వచ్చినా స్థానాలు అవే.

వచ్చినవాళ్లు మొదట తమ అభ్యర్థి మూలకు వెళ్లి నిలబడతారు. నాలుగు, అంతకన్నా ఎక్కువ స్థానాలున్న చోట గుంపు నిలవాలంటే హాజరులో 15 శాతం ఉండాలి. 101 మంది వస్తే 15 శాతం 15.15 అవుతుంది, అంటే 16 మంది కావాలి. పైకే సవరిస్తారు. మూడు స్థానాలున్న చోట ఆరో వంతు, రెండున్న చోట 25 శాతం. ఒకే స్థానమైతే నేరుగా ఎక్కువమంది ఎటుంటే అటు. నిలవని గుంపులోనివాళ్లు ఇంకో గుంపులోకి వెళ్లచ్చు, రెండు చిన్న గుంపులు కలిసి నిలవచ్చు, లేదా ఇంటికి పోవచ్చు. 2020లో కొత్తగా వచ్చిన నియమం: మొదటి విడతలోనే నిలిచిన గుంపులోంచి ఎవరూ కదలకూడదు.

తర్వాత సూత్రం. గుంపు సంఖ్యను స్థానాలతో గుణించి, మొత్తం హాజరుతో భాగించాలి. 0.5, ఆపైన ఉంటే పైకి, తక్కువైతే కిందికి. 100 మంది, 6 స్థానాలు అనుకో. మూడు గుంపులు 41, 33, 26. లెక్క 2.46, 1.98, 1.56. అంటే 2, 2, 2.

చివరగా ఎస్‌డీఈ. ఊహకు ఒక కౌంటీ తీసుకో: కౌంటీ మహాసభలో 60 మంది, రాష్ట్ర మహాసభకు ఆ కౌంటీ పంపేది 10 మంది. అప్పుడు ఒక్క కౌంటీ ప్రతినిధి విలువ 10ని 60తో భాగిస్తే వచ్చేది, 0.167 ఎస్‌డీఈ. రాష్ట్రమంతా ఇలా కూడితే 562.954 లాంటి అంకె వస్తుంది.

#6 · తలలెక్క

శ్రీనూ, పైన ఇచ్చిన ఉదాహరణ మళ్లీ చూడు. 41 మందికి రెండు, 26 మందికీ రెండు. పదిహేను మంది గాల్లో కలిసిపోయారు. జాన్సన్ కౌంటీలో, అయోవా సిటీ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, జనం హాళ్లలో పట్టనంతగా వచ్చారు. స్థానాలు మాత్రం పెరగవు. పది మంది వచ్చిన పల్లెటూరి ప్రెసింక్టులో మనిషి విలువ ఒకటి, అయోవా సిటీలో మనిషి విలువ ఇంకొకటి. శాండర్స్ ఆధిక్యం సరిగ్గా ఈ సందులోంచే జారిపోయింది.

#7 · రూల్‌బుక్

అది అందరికీ ఒకే సందు. 99 కౌంటీల్లో సగానికి పైగా బూటజెజ్ ముందున్నారంటే పల్లెల్లో, చిన్న ఊళ్లలో మనుషుల్ని పెట్టుకుని పని చేసుకున్నారు కాబట్టి. నియమం తెలిసినవాడు నియమానికి తగ్గట్టు ప్రచారం చేశాడు. ఇంకో సంగతి. మొదటి విడత నుంచి చివరి విడతకు బూటజెజ్‌కు 5,637 మంది పెరిగారు, శాండర్స్‌కు 2,071 మందే. రెండో ఎంపికగా ఎవరు ఎక్కువమందికి నచ్చారో దానిలో తెలుస్తోంది. 6,009 అంకె పట్టుకుని ఊగేవాళ్లు దీని గురించి నోరెత్తరు.

#8 · వైజాగ్ వాసు

1989 లోక్‌సభ ఎన్నికల్లో మా అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గారు 9 ఓట్లతో గెలిచారు. 9 ఓట్లంటే 9 ఓట్లే. ‘నిజంగా’ ఎవరు గెలిచారని ఇన్నేళ్లలో ఎవరూ పట్టికలు వేసుకోలేదు. తేడా చిన్నదైనంత మాత్రాన గెలుపు చిన్నదవదు.

#9 · తలలెక్క

వాసు గారూ, అనకాపల్లిలో లెక్క ఒక్కటే. ఒక పెట్టె, ఒక బ్యాలెట్, ఒక మొత్తం. ఇక్కడ మూడు మొత్తాలు, అవి ఒకదానితో ఒకటి ఏకీభవించవు. పోలిక కుదరదు.

#10 · మాధవి ఎన్

పోలిక కావాలంటే అదే అయోవాలో 2012 రిపబ్లికన్ కాకస్ ఉంది. దాన్ని ఎవరూ ఎత్తట్లేదు.

2012 జనవరి 3 రాత్రి రామ్నీకి 30,015, శాంటోరమ్‌కు 30,007 అన్నారు. ఎనిమిది ఓట్ల తేడా. మర్నాడు పేపర్లన్నిటా రామ్నీ గెలుపు. వారానికి, జనవరి 10న, న్యూ హాంప్‌షైర్‌లోనూ గెలిచి ‘రెండుకు రెండు’ అనిపించుకున్నాడు. తర్వాత సంతకాలైన కాగితాలన్నీ తెప్పించుకుని చూస్తే శాంటోరమ్ 29,839, రామ్నీ 29,805. తేడా 34, అదీ అటువైపు. 1,774 ప్రెసింక్టుల్లో 8 ప్రెసింక్టుల కాగితాలు దొరకనే లేదు. పార్టీ ముందు ఎవరు గెలిచారో చెప్పలేమంది, తర్వాత ఒకటి రెండు రోజుల్లో శాంటోరమ్ అని ప్రకటించింది. ఆ నెల చివరికి రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు మాట్ స్ట్రాన్ తప్పుకున్నారు.

అసలు విషయం ఇదీ. అప్పట్లో ఆ రాత్రి ఓటు ప్రతినిధులను కట్టిపడేసేది కాదు. ప్రతినిధుల ఎన్నిక అదే గదిలో, ఓటు అయ్యాక, చాలామంది ఇళ్లకు పోయాక జరిగేది. రాన్ పాల్ మనుషులు చివరిదాకా కూర్చున్నారు. తర్వాత కౌంటీ, జిల్లా, రాష్ట్ర మహాసభలకూ వెళ్లారు. మూడో స్థానంలో ఉన్న రాన్ పాల్‌కు టాంపా జాతీయ మహాసభలో అయోవా 28 మందిలో 22 మంది వచ్చారు.

రూల్‌బుక్ గారూ, “ప్రతినిధులను ఎన్నుకునే సమావేశం, ప్రతినిధులు ఎవరికి ఎక్కువైతే వారే విజేత” అన్నది మీ సూత్రమైతే 2012 గడిలో రాన్ పాల్ పేరు రాయాలి. రాస్తారా?

#11 · రూల్‌బుక్

రాయను. 2012లో ఆ రాత్రి ఓటుకూ ప్రతినిధులకూ లంకె లేదని నిబంధనలోనే ఉంది. 2020లో లంకె ఉందని నిబంధనలోనే ఉంది. రెండు చోట్లా నేను నిబంధననే పట్టుకున్నాను. మీరు నా మాటను సగం చేసి అడుగుతున్నారు.

#12 · సిరిసిల్ల శ్రీను

మరి ఇద్దరికీ సమానమైతే ఏం చేస్తరు? మా దిక్కు సర్పంచ్ ఎన్నికల్ల చీటీలు తీస్తరు.

#13 · మాధవి ఎన్

అక్కడ నాణెం ఎగరేసేవారు. అయితే మొత్తం గెలుపు మీద కాదు, ప్రెసింక్టులో మిగిలిన ఒక్క కౌంటీ స్థానం కోసం రెండు గుంపులకు లెక్క సరిసమానంగా వచ్చినప్పుడు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్‌లో లాటరీలో గెలిచినవాడికి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు భావిస్తారు. మొత్తం సీటే దాని మీద తేలుతుంది. అయోవాలో నాణెం తేల్చింది 0.167 లాంటి ముక్కని. కాకపోతే 2020లో ఆ ముక్క కూడా బరువైనదే.

#14 · తలలెక్క

ఆ ముక్కల గురించే నేను అడుగుతున్నది. షీట్ల సంగతి ఎవరూ ఎత్తరేం?

ప్రతి ప్రెసింక్టులో ఒక కాకస్ లెక్కల షీటు నింపారు. హాజరు, మొదటి విడత, చివరి విడత, వచ్చిన స్థానాలు, కింద సంతకాలు. ఫలితాలు వచ్చాక చూస్తే 100కు పైగా ప్రెసింక్టుల్లో అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. న్యూయార్క్ టైమ్స్ విడివిడిగా పరిశీలించి రాసింది. చివరి విడతలో మనుషులు మొదటి విడతకన్నా ఎక్కువ. కదలకూడని గుంపు తగ్గిపోవడం. ఇవ్వాల్సిన వాటికన్నా ఎక్కువ స్థానాలు పంచడం.

తేలిగ్గా దొర్లే తప్పు ఒకటుంది, లెక్క వేసి చూపిస్తా. 100 మంది హాజరు, 6 స్థానాలు. రెండు విడతల మధ్య 8 మంది ఇంటికి పోయారు. మిగిలినవాళ్లు 38, 32, 22. నియమం ప్రకారం భాగించాల్సింది 100తోనే, పోయినవాళ్లను తీసేయకూడదు. అప్పుడు 2.28, 1.92, 1.32. సవరిస్తే 2, 2, 1. ఒకటి మిగిలింది. కిందికి సవరించిన వాటిలో పెద్ద దశాంశం ఎవరిదో వాళ్లకు ఆ స్థానం. 0.28, 0.32 చూస్తే మూడో గుంపుకు. ఫలితం 2, 2, 2.

ఇప్పుడు పొరపాటున 92తో భాగించండి. 2.48, 2.09, 1.43. మళ్లీ 2, 2, 1. మిగిలిన ఒకటి ఈసారి మొదటి గుంపుకు. ఫలితం 3, 2, 1.

అదే గది, అవే మనుషులు. భాజకం మారితే స్థానం చేతులు మారింది. రాష్ట్రం మొత్తంగా మొదటి విడతలో 1,76,352 మంది, చివరి విడతలో 1,72,300 మంది. అంటే 4,052 మంది మధ్యలో వెళ్లిపోయారు. ఈ తప్పు జరగడానికి ఎన్ని గదుల్లో అవకాశం ఉందో ఆలోచించండి.

రూల్‌బుక్ గారి ఊహా కౌంటీ లెక్కనే తీసుకుంటే ఒక స్థానం ఒకరి నుంచి ఇంకొకరికి మారితే ఇద్దరి మధ్య తేడా 0.167 కాదు, దానికి రెట్టింపు, 0.333 మారుతుంది. చివరి తేడా 0.933. మూడు గదుల్లో మూడు స్థానాలు అటూ ఇటూ అయితే చాలు.

#15 · వైజాగ్ వాసు

ఇది నాకు తెలీదు. భాజకం సంగతి మంచిగా చెప్పారు.

#16 · రూల్‌బుక్

తప్పులున్నాయి, నేను కాదనలేదు. ఆ తప్పులన్నీ శాండర్స్‌కే నష్టం చేశాయని ఎక్కడ రుజువు? తప్పు ఏ పక్కకైనా పోతుంది. రీకాన్వాస్ అయ్యాక ఇద్దరి మధ్య తేడా 0.08కి దిగింది: 563.207, 563.127. తర్వాత ఇద్దరి పక్షాలూ కోరిన చోట్ల రీకౌంట్ చేస్తే తేడా 0.933కి పెరిగింది, అదీ బూటజెజ్ వైపే. సరిచూసినకొద్దీ మీ మనిషి వెనక్కి పోయాడు. ఇది చెప్పకుండా భాజకం పాఠం చెప్పడం చదువరులను తప్పుదారి పట్టించడమే.

#17 · తలలెక్క

“మీ మనిషి” అనకండి. నేను అంకెల గురించి మాట్లాడుతున్నా.

రీకాన్వాస్ అంటే ఏంటో మీకు తెలుసు, చెప్పకుండా దాటేశారు. షీటులో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కిందా లేదా అని చూడటం. షీటులోనే కూడిక తప్పయితే? ముట్టుకోరు. సంతకాలైన షీటు చట్టపరమైన పత్రమని, దాన్ని దిద్దడం నేరమని రాష్ట్ర పార్టీ న్యాయవాది అభిప్రాయం చెప్పారు. రీకౌంట్‌లో హాజరైనవాళ్లు నింపిన ఎంపిక కార్డులు, లెక్కలు మళ్లీ చూస్తారు నిజమే, కానీ అడిగిన ప్రెసింక్టుల్లో మాత్రమే. మిగతావన్నీ తప్పుతో సహా అలాగే లోపలికి వెళ్లాయి. మీరు చెప్పే 0.933 దిద్దిన షీట్లూ దిద్దని షీట్లూ కలిపిన అంకె.

#18 · మాధవి ఎన్

శాటిలైట్ కాకస్‌లను కూడా కలపాలి. 87 చోట్ల పెట్టారు. రాత్రి షిఫ్టు వాళ్ల కోసం, వృద్ధుల కోసం, రాష్ట్రం బయట ఉన్నవాళ్ల కోసం. పారిస్, గ్లాస్గో, జార్జియా దేశంలోని టిబిలిసీలో కూడా. ఒట్టమ్వాలో మాంసం ప్యాకింగ్ కార్మికులు మధ్యాహ్నమే కానిచ్చారు. వీటిలో శాండర్స్ బాగా ముందున్నారు. ఇక్కడ మాత్రం స్థానాలు ముందే ఖాయం కావు. వచ్చినవాళ్ల సంఖ్యను బట్టి అదనపు ఎస్‌డీఈలు కలుస్తాయి. ఆ పంపకం ఎలా చెయ్యాలన్న దాని మీద కూడా తగువు నడిచింది. సూత్రం ఒక్కటే అందరికీ అన్నమాట అక్కడ నిలవదు రూల్‌బుక్ గారూ.

#19 · రూల్‌బుక్

శాటిలైట్ సూత్రం కూడా ముందే రాసిన పత్రంలోదే. కొన్ని నెలల ముందు ఆమోదించినప్పుడు ఎవరూ మాట్లాడరు, ఫిబ్రవరిలో అంకె నచ్చకపోతే మాట్లాడతారు. 2016లోనూ ఇదే. హిల్లరీ క్లింటన్ 700.47, శాండర్స్ 696.92. అప్పుడూ మూడున్నర ఎస్‌డీఈలు దొంగిలించారన్నట్టు గోల. అప్పుడు తలల లెక్క బయటపెట్టలేదని కదా కోపం, 2020లో బయటపెట్టారు. బయటపెట్టాక అదే లెక్క గెలుపు అంటున్నారు. ఎంతకీ తృప్తి ఉండదా?

ఇంకొకటి అంటాను, ఎవరికి కోపమొచ్చినా సరే. ఈ వేదికలో నేను పోయిన నెల 2008 టెక్సస్ మీద రాసినప్పుడు, ప్రైమరీ ఓట్లు క్లింటన్‌కు ఎక్కువైనా ప్రతినిధులు ఒబామాకు 99, ఆమెకు 94 అని చెప్పినప్పుడు, ఇదే తలలెక్క గారు “ప్రతినిధులే ముఖ్యం” అని నాకు మద్దతు ఇచ్చారు. ఆ పేజీ ఇంకా ఉంది. అభ్యర్థి మారితే సూత్రం మారుతుందా?

#20 · తలలెక్క

ఆ పేజీ తెరవండి. “నామినేషన్ ఎవరికి వస్తుందో తేల్చడానికి ప్రతినిధులే ముఖ్యం” అన్నాను. టెక్సస్ ఎవరు గెలిచారని నేను చెప్పలేదు. మాటలు కత్తిరించి నా మీద వెయ్యకండి. ఇంత తెలిసి ఇలా చేస్తారా? మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని, అందుకే బాధగా ఉంది.

టెక్సస్‌లో ప్రైమరీ ఓట్లు ఎన్నో, చివరికి ప్రతినిధులు ఎంతమందో తేలిపోయింది. మీరు చెప్పిన ఆ అంకెల మీద తగాదా లేదు. ఏ లెక్కను ‘గెలుపు’ అనాలన్నదే తగాదా. 2020 అయోవాలో లెక్కే నిక్కచ్చి కాదు. మీరు ఈ రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు.

#21 · కృష్ణాతీరం

ఇద్దరూ కాస్త ఆగండి. పాత పేజీల తవ్వకం వద్దు.

తలలెక్క గారూ, మిమ్మల్ని సూటిగా అడుగుతా. గడిలో శాండర్స్ అని రాస్తే మీకు సమ్మతమేనా?

#22 · తలలెక్క

కాదు.

మొదట్లో అదే అడిగాను, ఒప్పుకుంటా. ఇప్పుడు అడగట్లేదు. పార్టీ పెట్టుకున్న లెక్క ఎస్‌డీఈ. దాన్ని కాదని తలల లెక్కను విజేతగా రాస్తే రూల్‌బుక్ గారు అన్నట్టు కొలబద్ద మార్చినట్టే. నా అభ్యంతరం వేరు. తేడా 0.933, దిద్దని తప్పులు అంతకన్నా ఎక్కువ తేగలవు. అలాంటప్పుడు ఎవరి పేరూ రాయకూడదు. అసోసియేటెడ్ ప్రెస్ అదే చేసింది, రీకౌంట్ తర్వాత కూడా విజేతను ప్రకటించలేదు.

#23 · రూల్‌బుక్

ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఇరవై వ్యాఖ్యలు మిగిలేవి.

దీనికీ నేను ఒప్పుకోను. ఎందుకో లెక్కతో చెబుతా, ఓపికగా చదవండి.

41 మంది జాతీయ ప్రతినిధుల్లో 27 మంది నాలుగు కాంగ్రెస్ జిల్లాల నుంచి. అక్కడ ఎవరెంత అన్నది జిల్లా లెక్కల్లో తేలిపోయింది: బూటజెజ్ 9, శాండర్స్ 8, వారెన్ 5, బైడెన్ 4, క్లోబచార్ 1. మిగిలిన 14 రాష్ట్రమంతటి ఎస్‌డీఈ శాతాల మీద. అవి రెండు ముక్కలు, 9 మంది రాష్ట్రవ్యాప్త కోటా, 5 మంది పార్టీ నాయకుల, పదవుల్లో ఉన్నవారి కోటా. 15 శాతం దాటినవాళ్లు నలుగురే: బూటజెజ్ 26.2, శాండర్స్ 26.1, వారెన్ 18.0, బైడెన్ 15.8. వీటి మొత్తం 86.1.

తొమ్మిదిని పంచితే 2.74, 2.73, 1.88, 1.65. పూర్ణాంకాలు 2, 2, 1, 1. మిగిలిన మూడు పెద్ద భిన్నాలకు: వారెన్, బూటజెజ్, శాండర్స్. గొడవ లేదు. 3, 3, 2, 1.

ఐదును పంచండి. 1.52, 1.52, 1.05, 0.92. పూర్ణాంకాలు 1, 1, 1, 0. ఒకటి బైడెన్‌కు. ఇంకొకటి మిగిలింది. బూటజెజ్, శాండర్స్ ఇద్దరి భిన్నమూ దాదాపు ఒకటే. ఆ ఒక్క ప్రతినిధి, పట్టుకుని చూస్తే, 0.933 ఎస్‌డీఈ ఎవరివైపు ఉందన్న దాని మీదే ఆధారపడ్డాడు. అటు ఉంటే 14, 12. ఇటు ఉంటే 13, 13.

ఆ మనిషిని ఎవరికో ఒకరికి ఇవ్వాల్సిందే. “తప్పులున్నాయి కాబట్టి ఎవరికీ ఇవ్వం” అని ఏ పార్టీ అనదు, అనకూడదు. ప్రతి ఎన్నికలో కొన్ని తప్పులుంటాయి. గడువులోగా అభ్యంతరం చెప్పమంటారు, చెప్పినవి చూస్తారు, ఆపైన ధ్రువీకరిస్తారు. ధ్రువీకరించిన అంకె అంతిమం. అనకాపల్లిలో 9 ఓట్లు నిజంగా ఎనిమిదో పదో మనకు తెలియదు. కానీ సభ్యుడు పార్లమెంటుకు వెళ్లాడు. ‘విజేత’ అంటే ధ్రువీకరణలో ముందున్నవాడు. అంతకుమించి అర్థం నేను పెట్టను.

#24 · తలలెక్క

ఐదుగురి కోటా లెక్క ఇంత విడమరిచి చూపినవాళ్లు ఇంతవరకూ లేరు. దీనికి కృతజ్ఞతలు, మనస్ఫూర్తిగా.

అక్కడే మనిద్దరం విడిపోతున్నాం. మీకు ‘విజేత’ అంటే పదవి ఎవరికి అందింది అన్న నిర్ణయం. నాకు ‘విజేత’ అంటే జరిగినదాని గురించిన ఒక వాస్తవం. నిర్ణయం తీసుకోక తప్పదు, ఒప్పుకుంటా. నిర్ణయం తీసుకున్నంత మాత్రాన వాస్తవం తెలిసినట్టు కాదు. ఆ ఒక్క ప్రతినిధిని బూటజెజ్‌కు ఇవ్వండి. ‘గెలిచాడు’ అని మాత్రం రాయకండి.

దీనివల్ల నష్టం లేదనుకోకండి. ఫిబ్రవరి 3 రాత్రి ఒక్క అంకె కూడా రాకముందే బూటజెజ్ గెలుపు ప్రసంగం చేశారు. ఫలితాలు పంపడానికి పెట్టిన యాప్ నుంచి డేటా సగం సగంగా వచ్చింది, ఫోన్ లైన్లు దొరకలేదు. మర్నాడు సాయంత్రానికి 62 శాతం ప్రెసింక్టులే బయటికి వచ్చాయి. ఫిబ్రవరి 6న శాండర్స్ కూడా తానే గెలిచానన్నారు. 11న న్యూ హాంప్‌షైర్. ఆ వారమంతా ‘అయోవా విజేత’ అన్న మాట డబ్బు తెచ్చిపెట్టింది, టీవీ సమయం తెచ్చిపెట్టింది. 2012లో శాంటోరమ్ పోగొట్టుకున్నదీ అదే, మాధవి గారు చెప్పారు. ఆ మాటకు ప్రతినిధి కన్నా ఎక్కువ విలువ ఉంది కాబట్టే దాన్ని జాగ్రత్తగా వాడమంటున్నా.

#25 · మాధవి ఎన్

రూల్‌బుక్ గారి నిర్వచనం ప్రకారం 2012లో శాంటోరమ్ పేరు వస్తుంది, ధ్రువీకరించిన అంకె అదే. తలలెక్క గారి నిర్వచనం ప్రకారం 8 ప్రెసింక్టుల కాగితాలు లేవు, 34 తేడా, కాబట్టి ఖాళీ. ఏది పెట్టినా రెండు వరుసలకూ ఒకే పద్ధతి పెట్టండి.

#26 · రూల్‌బుక్

దానికి నేను సిద్ధం.

#27 · కృష్ణాతీరం

ఇలా చేస్తున్నాను. ‘విజేత’ గడి తీసేసి రెండు గడులు పెడుతున్నా. ఒకటి ‘ధ్రువీకరించిన లెక్కలో ముందు’, రెండోది ‘తేడా, దిద్దకుండా మిగిలినవి’. 2020కి మొదటి దాంట్లో బూటజెజ్. రెండో దాంట్లో 0.933 ఎస్‌డీఈ, పొసగని షీట్లు, పక్కనే రెండు విడతల తలల లెక్క. 2012కి శాంటోరమ్, 34 ఓట్లు, 8 ప్రెసింక్టులు గల్లంతు.

#28 · తలలెక్క

రెండో గడిని మొదటి దానికన్నా వెడల్పుగా పెట్టండి. ఫోన్‌లో చూసేవాళ్లకు మొదటి గడి ఒక్కటే కనిపిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

#29 · రూల్‌బుక్

వెడల్పు సమానంగా ఉంచండి.

#30 · సిరిసిల్ల శ్రీను

మరి 2016ది? గప్పుడు తలల లెక్క బయటికే రాలేదంటిరి. రెండో గడిల ఏం రాస్తరు?

#31 · కృష్ణాతీరం

3.55 ఎస్‌డీఈ అని రాసి, ‘హాజరైనవారి విడి లెక్కలు ప్రచురించలేదు’ అని పెడతాను.